మార్గమృత్యువు: విధియా, వ్యాధియా?

వేములవాడ రాజరాజేశ్వరస్వామికి కోడె మ్రొక్కు చెల్లించుకొన్న భక్తులు, పిమ్మట బద్ది పోచమ్మ గుడికి పోయి బోనము సమర్పించుట ఆ ప్రాంతమున చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. పోచమ్మ యెవరో మన చదువరులకు వేరుగ చెప్పనక్కరలేదు. మన పల్లెలలో మశూచికమునకు అధిదేవతగా కొలువబడిన తల్లి యామె. పూర్వము బిడ్డ యొంటినిండ పొక్కులు లేచినప్పుడు "అమ్మవారు పోసినది" అనిరే గాని రోగము వచ్చినదని యెవరును అనలేదు. ఆ సమయమున మందుమాట యెత్తుటయే అపచారమని తలచినవారు పెక్కురు. బిడ్డ బ్రతికినచో అమ్మదయ; చనిపోయినచో అమ్మకోపము. మనుష్యుడు చేయదగినది వేడుకొనుట యొక్కటియే.

1796వ సంవత్సరమున ఇంగ్లండు దేశీయుడగు ఎడ్వర్డు జెన్నరు టీకా విధానమును పరీక్షించి చూపెను. తరువాత నూట ఎనుబది యేండ్లకు, 1975లో, మన దేశమున మశూచి అంతరించినది. 1980 మే నెలలో ప్రపంచారోగ్యసభ ఆ వ్యాధి భూమండలమున లేకుండ పోయినదని ప్రకటించినది. వేములవాడలో పోచమ్మకు నేటికిని బోనములెత్తుచునే యున్నారు. భక్తి నిలిచినది, రోగము పోయినది. ఆ రెండింటికిని విడదీయరాని ముడి యేదియు లేదని కాలము తీర్పు చెప్పినది.

ఈ ప్రస్తావన యెందులకన, ఒకప్పుడు మశూచి యుండిన స్థానమున నేడు మరియొక మహామారి వచ్చి కూర్చున్నది. అది గాలివలన వ్యాపించునది కాదు, నీటివలన వచ్చునది కాదు. అది రోడ్డు మీద నుండును. దానిచే చనిపోయిన వారిని గూర్చి మనము నేటికిని "ఆయువు తీరినది", "గండము దాటలేదు", "నుదుట నట్లు వ్రాసియున్నది" అనియే చెప్పుకొనుచున్నాము. వ్యాధికి దేవతపేరు పెట్టి చేతులు ముడుచుకొన్న మన పెద్దలను చూచి జాలిపడు మనము, రోడ్డుచావునకు తలవ్రాతయని పేరు పెట్టి అదే పని చేయుచున్నాము. ఈ యలవాటు ఎట్లు కలిగెనో, దానిని ఇతర దేశములవారు ఎట్లు విడిచిరో, మనమెట్లు విడువవలెనో విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

వేములవాడకు జనులు త్రోవ పట్టి వచ్చుట క్రొత్త కాదు. పదియవ శతాబ్దమున అది చాళుక్యుల రాజధాని. రెండవ అరికేసరి యాస్థానమున పంప మహాకవి తన విక్రమార్జున విజయమును రచించినది 941 ప్రాంతమున. నాటినుండి మొన్నమొన్నటి వరకును యాత్రికుడు నడచియో, ఎడ్లబండి మీదనో వచ్చినవాడే. ఆ త్రోవలలో అపాయములు లేకపోలేదు. వాగు పొంగుట, దొంగలు కొట్టుట, మన్యపు జ్వరము సోకుట కలవు. కాని ఎద్దు నడక గంటకు నాలుగైదు కిలోమీటర్లు. ఎదురుగా బిడ్డ వచ్చినచో ఎద్దు తానే నిలుచును. బండి గుద్దుకొని మనిషి చచ్చుట అరుదు. ఇందు రహస్యమేమియు లేదు. మనుష్యశరీరము తాను పరుగెత్తి తనకు తానై తగిలించుకొను దెబ్బను ఓర్చుకొనునట్లు నిర్మింపబడినది. అంతకు పదిరెట్లు వేగముతో వచ్చు ఇనుమును ఓర్చునట్లు నిర్మింపబడలేదు.

1932 జూన్ నెలలో నిజాము రాష్ట్ర రైల్వే వారు తమ రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతోను, 166 మంది ఉద్యోగులతోను ఆరంభించిరి. దక్షిణాపథమున మోటారుయుగమునకు అదియొక మైలురాయి. ఆ శాఖయే 1951లో హైదరాబాదు ప్రభుత్వము చేతికి వచ్చి, 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా మారి, తెలంగాణము ప్రత్యేకరాష్ట్రమైన పిమ్మట రెండుగా విడివడినది. ఈ బస్సు మన పల్లెలకు చేసిన మేలు తక్కువది కాదు. పురిటినొప్పులు పడు స్త్రీని అది ఆసుపత్రికి చేర్చినది. బాలికను ఉన్నతపాఠశాలకు కొనిపోయినది. అంటరానివాడని దూరముంచబడినవానిని అందరి ప్రక్కన ఒకే బల్లపై కూర్చుండబెట్టినది. మోటారును నిందించుట మా యభిప్రాయము కాదు. నిప్పును నిందించి ఎవరును వంట మానరు. కాని పొయ్యికి గట్టు కట్టని యిల్లాలిని వివేకవతి యని ఎవరును అనరు.

ఇక ప్రపంచచరిత్రను కొంత చూతము. యంత్రశకటము వలన కలిగిన మొదటి మరణములలో ఒకటి ఐర్లండు దేశమున 1869 ఆగస్టు 31న జరిగినది. సూక్ష్మదర్శినితో శాస్త్రపరిశోధన చేసి గ్రంథములు వ్రాసిన మేరీ వార్డు అను విదుషి, తన బంధువులు నిర్మించిన ఆవిరిబండి మలుపు తిరుగుచుండగా క్రిందపడి చక్రముక్రింద నలిగి మరణించెను. 1896 ఆగస్టు 17న లండను నగరమున బ్రిజెట్ డ్రిస్కాల్ అను నామె మోటారు తగిలి చనిపోయినది. ఇట్టిది మరల జరుగకుండుగాక యని ఆ మరణమును విచారించిన అధికారి ఆశించెనని చెప్పుదురు. 1899 సెప్టెంబరులో న్యూయార్కున హెన్రీ బ్లిస్ అను వర్తకుడు ట్రాము దిగుచు మోటారుకు బలియయ్యెను. అంతకు ముందు, 1865లో ఇంగ్లండున ఒక చట్టముండెడిది. యంత్రపు బండికి ముందుగా ఒకడు ఎర్రజెండా పట్టుకొని నడువవలెననియు, ఊరిలో దాని వేగము గంటకు 2 మైళ్లు మించరాదనియు దాని విధి. 1896లో ఆ కట్టడి సడలింపబడినది. వేగమునకు తలుపు తెరచినవారు, వేగమునుండి మనిషిని కాపాడు ఉపాయమును మాత్రము వెంటనే వెదకలేదు. తరువాతి అర్ధశతాబ్దము ఆ యాలస్యమునకు మూల్యము చెల్లించినది.

ఆ లండను అధికారి ఆశ ఎట్లు ఫలించెనో చూడుడు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023లో ప్రకటించిన లెక్క ప్రకారము, 2021వ సంవత్సరమున రోడ్లమీద మరణించినవారు 11 లక్షల 90 వేలమంది. గాయపడువారు ఏటేట 2 కోట్లనుండి 5 కోట్ల వరకు ఉందురు. 5 ఏండ్లకును 29 ఏండ్లకును నడిమి వయస్సు గలవారిని చంపు కారణములలో మొదటిది ఇదియే. అనగా తల్లిదండ్రులు పెంచి పెద్దచేసి, చదివించి, ఇక ఇంటికి ఆధారమగునని తలచు వయస్సుననే ఈ మృత్యువు వచ్చి కొనిపోవుచున్నది. ఈ మరణములలో నూటికి 92 వంతులు బీద, మధ్యతరగతి దేశములలోనివి. లోకమునందలి మోటారులలో ఆ దేశములకు కలవి సుమారు 60 వంతులే. చనిపోవువారిలో సగమునకు మించినవారు కాలినడకవారు, సైకిలువారు, మోటారుసైకిలువారు. కారులో పోవువాడు కారు లేనివానిని చంపుట యను అన్యాయము ఇందిమిడియున్నది.

మన దేశపు లెక్క యింకను భయంకరము. 2022వ సంవత్సరమున 4,61,312 ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరని కేంద్రప్రభుత్వ రవాణాశాఖవారు ప్రకటించిరి. రోజునకు 460 మందికి పైగా, గంటకు 19 మంది. ఇందు ద్విచక్రవాహనముల వారు నూటికి 44 మందికి పైగా. పాదచారులు 19 మందికి పైగా. తలకు శిరస్త్రాణము లేక చనిపోయినవారు ఆ యొక్క యేటనే 50 వేలు. ఏ యూరిలోనైన కలరాచే ఒక్కనాడు 460 మంది చనిపోయిరన్న వార్త వచ్చినచో దేశమంతయు అట్టుడికిపోవును. ఇది ప్రతిదినము జరుగుచున్నది గనుక పత్రికలో మూలకు పోయినది.

ఈ లెక్కలు వేములవాడ ప్రాంతమున మనుష్యులరూపము దాల్చినది 2018 సెప్టెంబరు 11న. ఆనాడు మంగళవారము, ఆంజనేయునికి ప్రియమైన దినము. రాజన్నను దర్శించినవారు చాలమంది కొండగట్టు ఆంజనేయుని కూడ దర్శించిగాని ఇల్లు చేరరు. జగిత్యాల డిపోకు చెందిన బస్సొకటి శనివారంపేట మొదలగు పల్లెల జనులను ఎక్కించుకొని కొండగట్టు మీదుగా జగిత్యాలకు పోవుచుండెను. అది ఆసనముల సంఖ్యను ఎంతయో మించి నిండియుండెను. కొండదారి దిగుచు, మరి కొద్దిసేపటికి సమతలమునకు చేరుననగా, చివరి మలుపువద్ద అదుపుతప్పి లోయలో పడెను. 60 మందికి పైగా మరణించిరి. వారిలో ఎక్కువమంది స్త్రీలు. కొండకు మ్రొక్కులకు వచ్చినవారు, పట్టణమున పనులకై బయలుదేరినవారు అందు గలరు. పలువురు దెబ్బలచేతనే గాక, ఒకరిమీద నొకరు పడి ఊపిరాడక చనిపోయిరి. ఇరుగుపొరుగు పల్లెలలో ఒకే వాడలో పలు ఇండ్ల ముందు పాడెలు లేచినవి.

ఆ దినములలో "దేవుని కొండమీదనే ఇట్లు జరిగెనే" యని విస్తుపోయినవారు కొందరు. "వారి ఆయువు అంతవరకే" యని సమాధానపడినవారు కొందరు. తప్పంతయు డ్రైవరుదేయని తీర్మానించినవారు కొందరు. బ్రేకులు పట్టలేదన్న మాటయు వినవచ్చెను. డ్రైవరును ఆ బస్సుతోనే మరణించెను. ఈ మాటలలో ఏదియు మనకు చాలదు. అడుగవలసిన ప్రశ్నలు వేరు. ఒక బస్సులో అంతమంది ఎక్కవలసి వచ్చుటకు కారణమేమి? ఆ పల్లెలకు మరియొక బస్సు లేకపోవుట కాదా? నిండుబండి ఆ యేటవాలు దారిని దిగవలసిన యగత్యమేమి? మలుపున బస్సును ఆపగల బలమైన గోడ యేల లేదు? బండి యంత్రము ఎన్నినాళ్లకొకసారి పరీక్షింపబడుచున్నది? ఈ ప్రశ్నలలో ఒక్కదానికైనను జవాబు నుదుటివ్రాతలో లేదు. అన్నిటికిని జవాబు కాగితముమీద, ఖర్చుపద్దులో, కార్ఖానాలో ఉన్నది.

లోకము ఈ విధముగ ప్రశ్నించుట నేర్చుకొన్న కథ తెలిసికొనదగినది. 1935లో టి. ఇ. లారెన్సు అను ప్రసిద్ధ సైనికుడు ఇంగ్లండున మోటారుసైకిలు మీదనుండి పడి, తలకు గాయమై ఆరుదినములు ప్రాణములతో పోరాడి మరణించెను. అతనికి చికిత్స చేసినవారిలో ఒకడగు హ్యూ కెయిర్న్సు అను శస్త్రవైద్యుడు ఆ చావును విధియని విడువలేదు. ఇట్టి మరణములను లెక్కగట్టి, గట్టి టోపీ యున్నచో వీనిలో పెక్కు తప్పునని 1941లో ప్రకటించెను. ఆ యేడే బ్రిటిషు సైన్యమున మోటారుసైకిలు నడుపు సైనికులకు శిరస్త్రాణము నిర్బంధము చేయబడినది. 1949లో అమెరికాలో జాన్ గార్డను అను వైద్యాచార్యుడు, ప్రమాదములను గూడ అంటువ్యాధులవలె పరిశోధింపవచ్చునని వ్రాసెను. 1959లో స్వీడనున నీల్సు బోలిన్ అను నింజనీరు నేడు మనము కారులలో చూచు మూడుకొసల నడికట్టును నిర్మించెను. 1970లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రము దానిని ధరించుట చట్టబద్ధము చేసినది. 1974లో ప్రపంచారోగ్యసభ రోడ్డుప్రమాదములు ప్రజారోగ్య సమస్యయని తీర్మానించినది. 1997లో స్వీడను శాసనసభ మరింత ముందుకు పోయి, రోడ్డుమీద ఒక్క చావునైనను సహింపదగినదిగా ఎంచరాదని విధానము నేర్పరచుకొన్నది. మనిషి తప్పు చేయుట సహజము. ఆ తప్పునకు మరణము శిక్ష కాకుండునట్లు రోడ్డును బండిని కట్టవలెనని వారి సూత్రము.

ఈ సూత్రము మన దేశమున సాగదని చెప్పువారికి మన యింటి దృష్టాంతమే యొకటి కలదు. 2014 జూలై 24న మెదకుజిల్లా మాసాయిపేటవద్ద కాపలాలేని రైలుగేటును దాటుచున్న బడిబస్సును రైలు గుద్దుకొనగా 15 మందికి పైబడి మరణించిరి. వారిలో దాదాపందరును పసిపిల్లలు. అట్టి గేట్లు దేశమున వేలకొలది యుండెను. అట్టి చావులు ఏటేట వినవచ్చుచుండెను. తుదకు ఆ గేట్ల నన్నిటిని తీసివేయుటకు, లేక కాపలా యుంచుటకు, లేక క్రింద దారి త్రవ్వుటకు రైల్వేవారు పూనుకొని, 2019 జనవరి నాటికి పెద్దలైనులమీద ఆ పని ముగించిరి. దేశజనుల తలవ్రాతలు ఆ నాలుగైదేండ్లలో మారినవా? గేట్లు మారినవి. చావులు ఆగినవి.

మన చట్టములును ఊరకుండలేదు. 2005లో హైదరాబాదున మొదలైన 108 సంఖ్య సేవ, గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చు మార్గమును దేశమునకు చూపినది. రోడ్డుపై పడియున్నవానికి సాయపడినవారిని పోలీసులు, కోర్టులు వేధింపరాదని 2016లో సుప్రీముకోర్టు ఆదేశించినది; 2019లో మోటారు చట్టమున ఆ రక్షణ చేర్పబడినది. ఆ చట్టమే నాలుగేండ్లు దాటిన ప్రతివారును మోటారుసైకిలుపై శిరస్త్రాణము ధరింపవలెనని చెప్పుచున్నది. ఈడురాని పిల్లవానికి బండి యిచ్చిన తండ్రికి 25 వేల రూపాయల జరిమానాయు, 3 ఏండ్ల వరకు ఖైదును విధించుచున్నది. చట్టము పుస్తకమున నున్నది. అది గడప దాటి ఇంటిలోనికి వచ్చినదా యన్నదే ప్రశ్న.

ఇచట గృహస్థులగు చదువరులతో మేము కొంచెము నిర్మొగమాటముగ మాటాడవలసియున్నది. క్రొత్త బండి కొన్ననాడే దానిని వేములవాడకో కొండగట్టుకో నడిపించుకొనిపోయి, పసుపుకుంకుమలు పూసి, నిమ్మకాయలు చక్రములక్రింద త్రొక్కించి, టెంకాయ కొట్టుచున్నాము. తప్పు లేదు. ఎద్దునకు పూజచేసిన జాతి యంత్రమునకును పూజచేయును. కాని ఆ పూజకు వేలు వెచ్చించిన చేతులే, రెండవ శిరస్త్రాణము కొనుటకు వెనుకాడుచున్నవి. నడుపు మగవానికి టోపీ. వెనుక చీరకొంగు సవరించుకొనుచు ఒకవైపునకు ఒరిగి కూర్చున్న యిల్లాలికి లేదు. ఆమె యొడిలోని బిడ్డకు అంతకన్న లేదు. టోపీ పెట్టుకొన్నవారిలో తలగాయము 69 వంతులు, మరణము 42 వంతులు తగ్గునని పెక్కు పరిశోధనలను కూర్చి చూచిన వైద్యులు తేల్చిరి. నిమ్మకాయను గూర్చి ఇట్టి లెక్క నెవరును చూపలేదు.

ఇంతకన్న క్రూరమైన దొకటి కలదు. పెండ్లియైన కొలదినాళ్లకే భర్త రోడ్డుమీద మరణించినచో, "ఆ పిల్ల పాదము మంచిది కాదు" అను మాట నేటికిని మన యిండ్లలో పుట్టుచున్నది. తాగి నడిపినవాని తాగుడు కాదు, దీపములేక రోడ్డుపై నిలిపిన లారీ కాదు, వంకర మలుపు కాదు, దూరముననున్న పదునెనిమిది యేండ్ల పిల్ల పాదము ఆ చావునకు కారణమట! మృత్యువునకు నిజమైన కారణమును వెదకని సమాజము, చేతికందిన నిరపరాధి నొకరిని కారణముగా నిలుపును. ఆ నిరపరాధి మన దేశమున మిక్కిలి తరచుగ స్త్రీయే. వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించినది 1881లో. నూట నలుబది యేండ్లు గడచిన పిమ్మటను వైధవ్యమునకు వధువుపాదమును తప్పుపట్టుట మనకు సిగ్గు కాదా?

చనిపోయినవారి కథ ఒక్కదినముతో ముగియును. కాలో నడుమో విరిగి బ్రతికినవాని కథ ఏండ్లు సాగును. సిరిసిల్లలో మరమగ్గము నడపువాడు, కోరుట్లనుండి గల్ఫుదేశములకు పోయి సంపాదించి వచ్చినవాడు, ఒక్క సాయంకాలము రోడ్డుపై పడి మంచము పట్టినచో, ఆ మంచము మోయవలసినది భార్య. బీడీలు చుట్టి బియ్యము తెచ్చును. రాత్రి అతనిని పొరలించి పుండ్లు కడుగును. ఆసుపత్రి అప్పునకు పుస్తెలతాడు కుదువబెట్టును. తుదకు బిడ్డను బడి మాన్పించును, అదియును ఆడుబిడ్డనే ముందు మాన్పించును. ఏ ప్రభుత్వలెక్కలోను ఈమె గాయపడినవారి పట్టికలో చేరదు. ఈ ప్రమాదముల వలన దేశముల ఆదాయములో నూటికి 3 వంతులు నష్టమగుచున్నదని అర్థశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆమె మేల్కొనిన రాత్రులు ఆ మూటిలో చేరలేదు.

ఇక చేయవలసిన దేమి? ప్రభుత్వము చేయవలసినది కొంత, ఇల్లు చేయవలసినది కొంత. పల్లెకు చాలినన్ని బస్సులు, కొండదారికి గట్టి ప్రక్కగోడలు, ఊరినడుమ వేగమును తగ్గించు కట్టడి, నడచువానికి ప్రత్యేక త్రోవ అనునవి ప్రభుత్వము నడిగి తీసికొనవలసినవి. సగటువేగము నూటికి ఒక వంతు పెరిగిన, ప్రాణాంతక ప్రమాదములు సుమారు నాలుగు వంతులు పెరుగునని తేలియుండగా, ఊరిలో వేగమును అదుపుచేయుట దయ కాదు, ధర్మము. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణమున స్త్రీలకు బస్సు ప్రయాణము ఉచితమైనది. అది మేలే. కాని ఎక్కువారు పెరిగినప్పుడు బస్సులును పెరుగవలెనని అడుగుట, కొండగట్టున పోయిన ఆ స్త్రీలకు మనము బాకీపడిన మాట.

ఇల్లు చేయవలసినది అంతకన్న సులభము. ఇంటిలో బండి యెంతమంది యెక్కుదురో అన్ని శిరస్త్రాణములు ఉండవలెను. పదునైదేండ్ల కుమారుడు బండి తాళముచెవి అడిగినప్పుడు తల్లి కాదనవలెను. పెండ్లివిందున త్రాగినవానిని బండి యెక్కనీయక ఆ రాత్రికి చాప పరచవలెను. త్రోవలో పడినవానిని చూచినప్పుడు గుమిగూడి నిలువక 108కి పిలువవలెను. ఎవరింటనైన ఇట్టి చావు జరిగినప్పుడు, ఓదార్చుటకు పోయినవారు "ఆయువు తీరినది" అను మాట పెదవుల దాక వచ్చినను మ్రింగివేయవలెను. కోడలివైపు వ్రేలు చూపువారిని అచటనే ఆపవలెను.

మశూచి పోవుటకు మన పెద్దలు పోచమ్మను విడువవలసిన పని కలుగలేదు. టీకా వేయువాడు వచ్చినప్పుడు బిడ్డ చేయి చాపుటయే కలిగినది. ఆ చేయి చాపుటకు మాత్రము రెండు తరములు పట్టినది, ఆ రెండు తరముల ఆలస్యమునకు ఎందరో బిడ్డలు బలియైరి. ఇప్పుడును అడుగుచున్నది అంతమాత్రమే. కొండగట్టు అంజన్నకు మ్రొక్కుదము. కొండ దిగు బస్సుకు బ్రేకులున్నవో లేదో అడుగుదము. రెండవ ప్రశ్న అడిగినవానిపై ఆ దేవుడు కోపించునని మేము నమ్మము.